పేరు పెట్టని ఫైలు

మా బావగారి ప్రింటింగు షాపులో ఒక నియమం ఉంది. పేరు కుదరని ఫైలును సేవ్ చేయకూడదు. ఆయన దీన్ని గోడ మీద రాసి అంటించలేదు గానీ అంతకంటే ఎక్కువే చేస్తారు. కొత్త పని మొదలుపెట్టి నేను కీబోర్డు మీద చెయ్యి వెయ్యగానే వెనకనుంచి, "పేరు కుదిరిందా మరదలా? కుదిరాకే సేవ్" అని వినిపిస్తుంది. తుమ్మితే చిరంజీవ అన్నంత అలవాటుగా అంటారు ఆ మాట.

నియమానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు మా ఫైళ్లన్నీ "అన్‌టైటిల్డ్" అనే పేరుతోనే ఉండేవి, పక్కన ఒక అంకె తేడాతో. అలా ఈతకొలను వాళ్ల కాగితమూ పళ్ల డాక్టరుగారి కాగితమూ పక్కపక్కన చేరాయి. బావగారు ఒకదాని బదులు ఇంకొకటి అచ్చువేశారు. ఈతకు వచ్చినవాళ్లందరి చేతిలో, "ముందుగా ఉప్పునీళ్లు పుక్కిలించండి, నొప్పి అనిపిస్తే చెయ్యి పైకెత్తండి, ఇంటికి వెళ్లడానికి తోడుగా ఒకరిని తెచ్చుకోండి" అని ఉన్న కాగితాలు పడ్డాయి. ఆ వారం కొలనులో ఎవరూ దిగలేదట. పళ్ల డాక్టరుగారి దగ్గరికి మాత్రం ఒకాయన తువ్వాలుతో వెళ్లాడు. అప్పటినుంచి పేరు లేని ఫైలంటే బావగారికి పాము కనిపించినట్టే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అక్క అంటుంది. నేనొప్పుకోను. పని చెడగొట్టే మనిషి కనబడితే తప్ప నాకు కోపం రాదు. అలాంటి మనిషి రోజంతా ఎదురుగానే కూర్చుంటే అది నా తప్పా?

షాపంటే పెద్దదేం కాదు, ముందొక గది, వెనకొక గది. వెనక గదిలో కాగితాలు కోసే యంత్రం, జిగురు డబ్బాలు, నడుమెత్తు కాగితం కట్టలు. ముందు గదిలో బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని తెర మీద ఎండ పడకుండా నేను అట్టముక్కతో కట్టిన చూరు. కంప్యూటరు డబ్బాకు మూత ఉండదు. వేడెక్కుతుందని తీసేసి దానికి ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాను పెట్టాం. ఎంత ఉక్కపోసినా ఆ ఫ్యాను నావైపు తిప్పడానికి వీల్లేదు. ఈ షాపులో నాకంటే దాని ఆరోగ్యమే ముఖ్యం.

ఆ వేసవిలో మా దగ్గరికి రోజూ వచ్చిన మనిషి బాబాయ్. ఆయన నాకు చుట్టమేం కాదు. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ దారిలో బస్సెక్కిన ప్రతివాళ్లకీ ఆయన బాబాయే. ఆయన భార్య కూడా అలాగే అందరికీ పిన్ని. బాబాయ్ తన ఉద్యోగంలో చూసిన వింతలన్నీ కథలుగా రాసి పుస్తకం వేయించుకుంటున్నారు. బస్సులో కోడిపిల్లల బుట్ట తిరగబడ్డ కథ, గొడుగు మర్చిపోయిన పెద్దాయన దాన్ని వెతుక్కుంటూ రోజూ ఎక్కి రోజుకొకటి మర్చిపోయిన కథ, ఇలాంటివి. ఒక్కో కథా ఒక్కో ఫైలు. పొడుగాటి చీటీల మీద రాసుకొచ్చి చదివేవారు. నేను టైపు చేశాక ఆ చీటీని టిక్కెట్టు చింపినట్టు అడ్డంగా సర్రున చింపి బుట్టలో వేసేవారు.

"అయ్యో, ఉంచుకోండి బాబాయ్" అన్నాను మొదట్లో.

"దిగిపోయిన మనిషికి టిక్కెట్టెందుకమ్మా?" అన్నారు.

అన్ని కథలూ అయిపోయాయి. అన్నింటికీ పేర్లు కుదిరాయి, అన్నీ సేవయ్యాయి. చివరిది ఒక్కటి మిగిలింది. దాని సంగతి ఎత్తితే ఆయన నీళ్లు నమిలేవారు. రేపు చెప్తానంటారు, ఎల్లుండంటారు, దగ్గొచ్చిందంటారు. ఇంక రెండు రోజుల్లో పుస్తకం అచ్చుకు వెళ్లాలి. ఆదివారం డిపోలో పాత స్నేహితులంతా కలుస్తున్నారు, అక్కడ పంచాలి. ఇంక నేను ఊరుకోలేదు. "బాబాయ్, రేపు చెప్పకపోతే కోడిపిల్లలతోనే పుస్తకం ముగించేస్తాను" అని గట్టిగా చెప్పేశాను.

మర్నాడు పొద్దున ఆయన చీటీ లేకుండా వచ్చారు.

"ఇది రాసుకురాలేదమ్మా. ఇంట్లో రాస్తే మీ పిన్ని చదివేస్తుంది. దానికి అక్షరం కనబడితే చాలు, సబ్బు మీది అట్ట కూడా వదలదు. నోటితోనే చెప్తాను, నువ్వు టైపు కొట్టేయ్. అడ్డం మాత్రం పడకు, ఆపితే మళ్లీ నోరు పెగలదు."

కుర్చీ తిప్పుకుని, నా ముఖం కనబడకుండా గోడవైపు కూర్చున్నారు. కళ్లు మూసుకున్నారు. మొదలుపెట్టారు.

ఆ కథలో సగం ఆయన కుటుంబమంతా ఎరిగిందే. వయసులో ఉండగా ఆయన సాయంత్రం బస్సు మీద పనిచేసేవారు. కళ్లజోళ్ల కార్ఖానా దగ్గర ఒకమ్మాయి ఎక్కేది. కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకునేది. ఆమె దిగాల్సిన వీధి వెనకబడిపోయేది, బస్సు చివరి స్టాపుకు చేరేది. అక్కడ ఈయన ఆమెను లేపి, అదే బస్సులో వెనక్కి తీసుకొచ్చి, ఆమె వీధి చివర దించేవారు. ఖాళీ బస్సులో ఆ తిరుగు ప్రయాణాల్లో మాటలు కలిశాయి. పెళ్లయింది. ఆ రోజునుంచి ఈ రోజుదాకా అత్తింట్లో పిన్ని పేరు నిద్రమొహం. ఆడపడుచులు అంటారు, తోడికోడళ్లు అంటారు, ఇప్పుడు మనవలు కూడా అంటున్నారు. బస్సులో కునుకు తీసి మొగుణ్ణి సంపాదించిందని ఒక్కటే వేళాకోళం. పిన్ని నవ్వేసి ఊరుకుంటుంది.

మిగతా సగం ఎవరికీ తెలియదు. ఆ సగం బాబాయ్ ఇలా చెప్పారు.

"ఆమె వీధి వచ్చినప్పుడల్లా నేను అరిచేవాణ్ణి కాదు. మిగతా స్టాపులన్నీ గొంతు చించుకుని అరిచేవాణ్ణి. అది మాత్రం మింగేసేవాణ్ణి. అక్కడ దిగాల్సినవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికీ పిల్లిలా వెళ్లి భుజం తట్టి చెవిలో చెప్పేవాణ్ణి. ఆమె లేవకూడదని. లేస్తే దిగిపోతుందని. ముందు మనసుపడింది నేను. నిద్రమొహం అనిపించుకుంది మాత్రం తను."

నేను తల ఎత్తకుండా కొట్టాను. నిజం చెప్పొద్దూ, తెర మసకబారింది. బాబాయ్ "అంతే" అని కళ్లు తెరిచి, పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలారు.

"ఈ మాట దాని ముఖం చూసి చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచానో! మాట మారిపోతుంది. ఉప్పు ఎక్కువైందనో, తలుపు గడియ ఊడిందనో అనేస్తాను. అచ్చులో ఉంటే అదే చదువుకుంటుంది. నేను పక్క గదిలో ఉంటాను."

నా చెయ్యి దానంతటదే సేవ్ మీదికి వెళ్లింది. వెనక గదిలోంచి గొంతు రానే వచ్చింది. "పేరు కుదిరిందా మరదలా?"

పేరు కుదరలేదు. బావగారు చేతికి అంటిన జిగురు తుడుచుకుంటూ వచ్చి 'చివరి స్టాపు' బాగుంటుందన్నారు. పుస్తకం చివర చివరి స్టాపంటే ఎవరో చచ్చిపోయారనుకుంటారని నేనన్నాను. బాబాయ్ 'నా భార్య' అన్నారు. అది మరీ రేషను కార్డులా ఉందని బావగారన్నారు. 'కిటికీ పక్క సీటు', 'సాయంత్రం బస్సు', 'ఆమె'... ఒకరు అన్నది ఇంకొకరికి నచ్చదు. ముగ్గురం పేరు వెతకడంలో పడిపోయాం. ఫైలు మాత్రం అలాగే, పేరూ లేక, సేవూ లేక, తెర మీద నిలబడి ఉంది.

నేను అట్ట నమూనా తేవడానికి వెనక గదిలోకి వెళ్లాను. ఈ లోపు బావగారికి ఊరికే ఉండబుద్ధి కాలేదు.

"కథ పక్కన ఒక బస్సు బొమ్మ ఉంటే నిండుగా ఉంటుంది బాబాయ్" అని నా కుర్చీలో కూర్చున్నారు. ఆయన దగ్గర ఒక బస్సు ఫోటో ఉంది. ఎవరో గోడంత బ్యానరు కోసం ఇచ్చినది, నిజం బస్సులో సగం బరువుంటుంది. దాన్ని తెచ్చి ఆ చిన్న పేజీలో పెట్టబోయారు. బాణం గుర్తు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. కదలడం లేదని ఆయన మళ్లీ నొక్కారు. అయినా కదల్లేదని ఇంకా గట్టిగా నొక్కారు, గట్టిగా నొక్కితే గట్టిగా పనిచేస్తుందన్నట్టు. నేను వచ్చేసరికి తెర తెల్లబోయింది. తర్వాత సాఫ్ట్‌వేరు మొత్తం టప్పున మూసుకుపోయింది. కథ లేదు, పేజీ లేదు. ఆ వెనక ఎప్పుడూ ఉండే జలపాతం బొమ్మ ఒక్కటే ప్రశాంతంగా కనిపిస్తోంది.

కాసేపు ముగ్గురం ఆ జలపాతాన్నే చూశాం.

"ఏమైందమ్మా?" అన్నారు బాబాయ్.

బావగారి మీద ఒంటికాలి మీద లేచాను. ఆ బొమ్మ ఎవరడిగారన్నాను. ఆ కుర్చీలో కూర్చోవద్దని ఎన్నిసార్లు చెప్పానన్నాను. ఆ నియమం పెట్టిన మహానుభావుడెవరన్నాను. పేరు లేని పిల్లలకు అన్నం పెట్టరా అన్నాను. బావగారు లేవలేదు. ప్రాయశ్చిత్తం చేసుకునేవాడిలా తలదించుకుని, "ఉండు, నేనే మళ్లీ తెరుస్తాను" అని సాఫ్ట్‌వేరు మీద నొక్కారు. నేను తిట్టడం ఆపి తెరవైపు చూసుంటే బాగుండేది. ఆపలేదు. మంచి ఊపులో ఉన్నాను.

తెర మీదికి ఒక పెట్టె వచ్చింది. నాలుగు వరుసల ఇంగ్లీషు, కింద మూడు బటన్లు. మా బావగారికి తెర మీద పెట్టె వస్తే దోమ వాలినట్టు ఉంటుంది. చదవరు. కొట్టేస్తారు. ఇంకు అయిపోతోందని వచ్చినా, కొత్తది వేసుకోమని వచ్చినా ఒకటే దెబ్బ. దీన్నీ అలాగే కొట్టారు. పెట్టె మాయమైంది. ఖాళీ బూడిదరంగు తెర మిగిలింది.

"అదేంటి? ఏం పెట్టె అది?" అన్నాను.

"ఏదో అడిగింది."

"ఏమడిగింది?"

"ఏమో. 'రికవర్' అని ఏదో ఉంది."

పోయిన పనిని తిరిగి తేవాలా అని ఆ సాఫ్ట్‌వేరు తనంతట తానే అడిగింది. అడిగే మర్యాద దానికుంది. చదివే మర్యాద మాకే లేదు.

"ఏ బటను నొక్కారు బావగారూ?"

"ఏదో ఒకటి నొక్కాను."

"ఏదో ఒకటి అంటే?"

"మూడున్నాయి. అందులో ఒకటి."

బాబాయ్ మెల్లిగా లేచి వచ్చి తెర ముందు వంగి చూశారు, బస్సు కింద పడ్డ చిల్లర కోసం చూసినట్టు. ఆయన ముఖంలో అంతకుముందున్న తేలిక పోయింది. "పోయిందా అమ్మా?" అన్నారు.

"పోతే మళ్లీ చెబుదురుగాని బాబాయ్. నాకు చాలావరకు గుర్తే" అన్నాను.

"నీ మాటల్లో వద్దు తల్లీ. నా మాటల్లోనే ఉండాలి. అది నన్ను గుర్తుపట్టాలి కదా." కాస్త ఆగి, "మళ్లీ చెప్పమంటే నావల్ల కాదు. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలీదు. అయిపోయింది" అన్నారు.

అప్పుడు నాకు కోపం కూడా పోయింది. నాకు కోపం పోయిందంటే పరిస్థితి నిజంగా బాగోలేదన్నమాట.

అక్కకు ఫోను చేశాను. నాకంటే ముందు ఈ కుర్చీ మా అక్కది. నడుంనొప్పి వచ్చి ఇంటిపట్టున ఉండిపోయింది గానీ, ఈ సాఫ్ట్‌వేరు కోపతాపాలన్నీ దానికే తెలుసు. ఫోను అందరికీ వినబడేలా పెట్టి జరిగింది చెప్పాను.

"మూడు బటన్లే. ఎస్, నో, క్యాన్సిల్" అంది అక్క. "ఎస్ అంటే తెచ్చిస్తుంది. నో అంటే దాచింది కూడా పారేస్తుంది, ఇంక దేవుడు దిగివచ్చినా రాదు. క్యాన్సిల్ అంటే తర్వాత చూద్దామని. అప్పుడు దాచింది దాచినట్టే ఉంటుంది, ఈసారి తెరిచినప్పుడు మళ్లీ అడుగుతుంది. మీ బావ ఏం కొట్టారు?"

"తెలీదంటున్నారు."

"ఒకసారి ఇవ్వు."

"వింటున్నాను" అన్నారు బావగారు, ఫోనుకు రెండడుగులు వెనక్కి జరిగి.

"ఏవండీ, నో కొట్టారా, క్యాన్సిల్ కొట్టారా?"

"గుర్తులేదే."

అవతల అక్క ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నవ్వింది. "ఏమే, భయపడకు. క్యాన్సిలే కొట్టుంటారు."

"నువ్వెలా చెప్తావే, ఇక్కడ లేవుగా?"

"ఈయన ఇన్నేళ్లలో దేనికైనా వద్దన్నారా? వంటింటికి సున్నం వేయిద్దామంటే తర్వాత చూద్దాం. ఆ డొక్కు స్కూటరు అమ్మేద్దామంటే తర్వాత చూద్దాం. కళ్లు పరీక్ష చేయించుకోండీ అంటే అదీ తర్వాతే. వద్దని ఒక్క మాట తేల్చి చెబితే నేను సంతోషపడిపోదును. ఆ చెయ్యి నో మీదికి వెళ్లదే. సాఫ్ట్‌వేరు మూసేసి మళ్లీ తెరువు. పెట్టె వచ్చిందా, నా మాట నిజం. రాలేదా, ఆయన మారిపోయారన్నమాట, ఆ సంతోషం నాకుంటుంది."

బావగారు మెడ గోక్కున్నారు. కాదనీ అనలేదు, ఔననీ అనలేదు.

నేను కుర్చీలో కూర్చున్నాను. బావగారిని చేతులు వెనక్కి కట్టుకోమన్నాను, కట్టుకున్నారు. బాబాయ్ మళ్లీ గోడవైపు తిరిగిపోయారు. సాఫ్ట్‌వేరు మూశాను. తెరిచాను. అది మామూలుగానే నత్తనడకన వస్తుంది, ఆ రోజు మరీ నాలుగు చోట్ల ఆగి విశ్రాంతి తీసుకుంటూ వచ్చినట్టనిపించింది. ఫ్యాను గరగరమంటోంది.

పెట్టె వచ్చింది.

"వచ్చింది!" అని అరిచాను.

"ఏవండీ, కంగ్రాచులేషన్స్. మీరు మారలేదు" అంది ఫోనులో అక్క.

ఎస్ మీద నొక్కాను. మళ్లీ బాణం గుర్తు గుండ్రంగా తిరిగింది. పేజీ తెరుచుకుంది. చూద్దును గదా, పేజీ నిండా సున్నాలు, చుక్కలు, గవ్వలు. ఒక్క తెలుగు అక్షరం లేదు. బావగారు "కొంప మునిగింది" అన్నారు. మునగలేదు. కంగారులో తెలుగు అక్షరాల ఫాంటు ముందుగా తెరవడం మర్చిపోయాను. అది లేకపోతే మా కథలన్నీ గవ్వలే. ఫాంటు తెరిచాను. గవ్వలు ఒక్కొక్కటే అక్షరాలుగా మారాయి. కార్ఖానా వచ్చింది, కిటికీ వచ్చింది, ఆ అమ్మాయి వచ్చింది.

ముందుగా చేసిన పని సేవ్. పేరేమిటని కంప్యూటరు అడిగింది. "పోయి వచ్చింది" అని కొట్టి ఎంటర్ నొక్కాను. బావగారు నోరు తెరవబోయారు. నేను చూసిన చూపుకు మూసేశారు.

బాబాయ్ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. "బతికించావమ్మా" అన్నారు. నేను కథ కిందికి జరుపుతూ చదువుకుంటూ వెళ్లాను. చివరికొచ్చాక ఆగిపోయాను. కథ అంతా రాలేదు. ఆ సాఫ్ట్‌వేరు తనకు తోచినప్పుడు దాచుకుంటూ ఉంటుంది, అది ఆఖరిసారి దాచినంతవరకే వచ్చింది. ఆ తర్వాత నేను టైపు చేసినదంతా పోయింది.

ఆ సంగతి ఆయనతో ఎలా చెప్పాలా అనుకుంటుండగానే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"ఇక్కడున్నారా? కరివేపాకు తెస్తానని వెళ్లిన మనిషి పొద్దుటినుంచి పత్తా లేరు!"

పిన్ని. చేతిలో సంచీ, సంచీలో కరివేపాకు. ఆవిడే తెచ్చుకున్నట్టుంది. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. నిద్రమొహం అన్న పేరుకూ ఆవిడకూ ఎక్కడా పొంతన ఉండదు. మా షాపులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. లోపలికి వస్తూనే గోడ మీద క్యాలెండరు చదివింది, బల్ల మీద జిగురు డబ్బా చదివింది. ఆ తర్వాత కళ్లజోడు సర్దుకుని తెరవైపు వచ్చింది.

"ఇదేనా మీ పుస్తకం?"

బాబాయ్ తెరకు అడ్డంగా నిలబడ్డారు. "ఇంకా అవలేదే. రేపు అచ్చయ్యాక చదువుదువుగాని. పద, ఇంటికెళ్దాం. పొయ్యి మీద ఏమైనా పెట్టొచ్చావేమో."

"పొయ్యి మీద ఏం లేదు. జరగండి."

జరిగారు. ఆవిడ అంటే జరగాల్సిందే. పిన్ని బల్ల మీద చేతులు ఆనించి, పెదవులు కదుపుతూ చదవడం మొదలుపెట్టింది. కార్ఖానా దగ్గర చిన్నగా నవ్వింది. కిటికీ పక్క సీటు దగ్గర తల ఊపింది. బాబాయ్ పారిపోదామని వాకిలివైపు చూశారు. వాకిలికి అడ్డంగా బావగారు నిలబడ్డారు, కావాలనో తెలియకో నాకిప్పటికీ తెలియదు.

చివరి వాక్యాలు పిన్ని పైకే చదివింది. "ఇన్నేళ్లుగా అందరూ ఆమెను నిద్రమొహం అంటున్నారు. తప్పు ఆమె నిద్రది కాదు. ఆమె వీధి వచ్చినప్పుడల్లా నేను..."

ఆగింది. కింద ఏమైనా ఉందేమోనని తెరకు దగ్గరగా వంగింది. ఏమీ లేదు. తెల్ల పేజీ.

"నేను... ఏం చేశారట?" అని నన్నడిగింది. "మిగతాది ఏదమ్మా?"

"మిగతాది రాలేదు పిన్నీ. కంప్యూటరు అంతవరకే దాచింది."

బాబాయ్ నావైపు చూశారు. ఆ చూపు నన్ను చెప్పేయమంటోంది. నాకంతా గుర్తే, పొల్లుపోకుండా చెప్పగలను. కానీ నోరు కట్టేసుకున్నాను. నన్నెరిగినవాళ్లు నమ్మరు గానీ, నిజంగా కట్టేసుకున్నాను.

"ఏవండీ, మిమ్మల్నే. ఏం చేశారు?"

బాబాయ్ గోడవైపు తిరగబోయారు. పిన్ని ఆయన మోచెయ్యి పట్టుకుని ఇటు తిప్పింది. ఆయన తలుపు గడియ గురించి ఏదైనా అంటారేమోనని భయపడ్డాను. అనలేదు.

"అరిచేవాణ్ణి కాదు" అన్నారు.

"ఏం అరిచేవారు కాదు?"

"మీ వీధి. అన్నీ అరిచేవాణ్ణి. అదొక్కటి అరిచేవాణ్ణి కాదు. మిగతావాళ్లకి చెవిలో చెప్పి దింపేసేవాణ్ణి. నువ్వు లేస్తే దిగిపోతావని. నీ నిద్ర కాదే. నేనే. ఇన్నాళ్లూ అందరూ నిన్నంటుంటే వింటూ కూర్చున్నాను."

ఫోనులో అక్క ఇంకా ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

పిన్ని కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. "అంతేనా?" అంది.

"అంతేనా అంటావేంటే! గుండెల్లో పెట్టుకుని చస్తున్నాను ఇన్నేళ్లూ..."

"మీరు అరవకపోతే నాకు మా వీధి తెలీదా? పుట్టి పెరిగిన వీధండీ అది. మూల మీద మా నాన్న సైకిళ్ల షాపు. కళ్లు మూసుకున్నా, బస్సు అక్కడికొస్తే టైర్ల వాసన వచ్చేది."

బాబాయ్ నోరెళ్లబెట్టారు. "మరి నిద్ర?"

"నిద్రెక్కడిది? కళ్లు తెరుచుకుని కూర్చుంటే మీరు దిగమనేవారు కదా."

ఆయన పక్కనే ఉన్న కాగితం కట్ట మీద కూలబడ్డారు. పిన్ని ముఖం ఎర్రబడింది. ఆ వయసులో అంత ఎర్రబడటం నేనెక్కడా చూడలేదు.

"మరి అందరూ నిద్రమొహం అని ఏడిపిస్తుంటే ఎందుకూరుకున్నారు పిన్నీ?" అన్నాను. అడక్కుండా ఉండలేకపోయాను.

"నిద్రపోలేదంటే మరెందుకు దిగలేదని అడుగుతారు కదమ్మా. కొత్త కోడల్ని, ఏం చెప్పను? నిద్రమొహం అనిపించుకోవడమే సుఖం. ఈయనైనా ఎప్పుడో ఒకప్పుడు కనిపెడతారేమోనని చూశాను. ఈయనకా..." మాట పూర్తిచేయకుండా ఆయన పక్కన ఆ కట్ట మీదే కూర్చుంది. సంచీ ఒళ్లో పెట్టుకుంది.

"రోజూ మెలకువగానే ఉన్నావా?" అన్నారు బాబాయ్, ఇంకా నమ్మకం కుదరక. "మొదటినుంచీ?"

"మొదటి రోజు మాత్రం నిజంగానే నిద్రపోయాను" అంది పిన్ని.

బాబాయ్ ఆవిడ ముఖంలోకి చూశారు. పొద్దుటినుంచి ఆయన అలా ఎవరి ముఖంలోకీ చూడలేదు.

"మొదటి రోజు నేను కూడా నిజంగానే అరిచాను" అన్నారు.

ముందు పిన్ని నవ్వింది, తర్వాత ఆయన. నేను ఫోను కట్టేసి బావగారి చొక్కా పట్టుకుని వెనక గదిలోకి లాక్కెళ్లాను. అక్కడ మాకు పనేమీ లేదు.